పాత ల్యాప్‌టాప్‌లో డ్యూయల్ బూట్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాడకంలో చిక్కులు, సవరణలు

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండింటినీ ఎక్కించుకుని, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకునే ఏర్పాటును డ్యూయల్ బూట్ అంటారు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇది పెద్ద పనేమీ కాదు. సెకండ్‌హ్యాండ్ యంత్రంలో మాత్రం ముందు వాడిన కంపెనీ వేసిన తాళాలు, అమ్మే ముందు హడావుడిగా ఎక్కించిన విండోస్, ఎప్పుడో మార్చిన డిస్కు అన్నీ కలిసి కొత్త యజమాని నెత్తిన పడతాయి. ‘లినక్స్ వేశాక పాడైంది’ అని షాపుకు తెచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ జబ్బు లినక్స్ రాకముందే ఉంటుంది. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని బయటపెడుతుంది, అంతే.

ఈ ప్రాంతంలో డ్యూయల్ బూట్ ఎందుకు ఎక్కువ

హైదరాబాద్‌లో మలక్‌పేట దాటాక మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ కూడలి దాకా విజయవాడ హైవే పొడుగునా కోచింగ్ సెంటర్లు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వైపు వెళ్లే బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి. నాగార్జునసాగర్ రోడ్డు చీలేదీ అక్కడే. అందుకని ఉమ్మడి నల్గొండ, ఖమ్మం జిల్లాల పిల్లలకు నగరంలో మొదటి మకాం చాలాసార్లు ఇదే. నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్లేవాళ్లూ ఇక్కడే గది తీసుకుంటారు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోర్సులకు ఇక్కడి నుంచే వెళ్లిరావడం తేలికైంది. విడిభాగాల కోసమైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది.

ఈ పిల్లలు కొనే సెకండ్‌హ్యాండ్ సరుకులో పెద్ద భాగం కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలిన బిజినెస్ మోడళ్లు: లెనోవో థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్. వీటి కీబోర్డు, మూత కీలు గట్టివి, విడిభాగాలు దొరుకుతాయి. అయితే 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు, సాధారణంగా 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్ లేదా ఆ పైది కావాలి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో థింక్‌ప్యాడ్ టీ470, లాటిట్యూడ్ 7480, ఎలైట్‌బుక్ 840 జీ3 లాంటి 6, 7 తరాల యంత్రాలు ఒంట్లో సత్తువ ఉండగానే అధికారికంగా ముసలివైపోయాయి. వాటికి లినక్స్ సహజమైన దారి. అలాగని విండోస్‌ను పూర్తిగా తీసేయనూ లేరు. కెమెరా నిఘాతో జరిగే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్‌నే అడుగుతుంది. ట్యాలీ నేర్చుకునేవాళ్లకు, డీటీపీ చేసేవాళ్లకు అదే ఆధారం. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌కేమో లినక్స్ ఉండాలి. అలా రెండూ కావలసి వస్తాయి.

కొనేటప్పుడు కనపడని తాళాలు

బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో అన్నిటికన్నా మొండి చిక్కు ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే మేలుకునే బోర్డు మీది సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డ్. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉంటే, సంతకం సరిచూసిన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రాన్ని తెరవనిచ్చే సెక్యూర్ బూట్ లాంటి అమరికలు మార్చడం కుదరదు. పాత డెస్క్‌టాప్‌లలో చేసినట్టు బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పెడితే ఇది పోదు. మరిచిపోతే మదర్‌బోర్డు మార్చడమే కంపెనీ చెప్పే మార్గం. కాబట్టి డబ్బు చెల్లించే ముందే, కౌంటర్ దగ్గరే, యంత్రాన్ని ఆన్ చేసి డెల్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కి సెటప్‌లోకి వెళ్లి చూడాలి. పాస్‌వర్డ్ అడిగితే ఆ బేరం అక్కడే ఆపేయడం మంచిది. అదే సెటప్‌లో కంప్యూట్రేస్ లేదా అబ్సల్యూట్ అనే దొంగతన నిరోధక సేవ యాక్టివేట్ అయి ఉందా అన్నదీ కనిపిస్తుంది.

ఇంకో తాళం మరీ గడుసుది. పెద్ద కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ గుర్తింపును మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ సేవలో నమోదు చేస్తాయి. వాడకం అయ్యాక తీసేయాలి, కొన్నిసార్లు మరిచిపోతారు. ఆ నమోదు ఉండేది డిస్కులో కాదు, మైక్రోసాఫ్ట్ సర్వర్లలో. డిస్కు మార్చినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా పోదు. ఇంటర్నెట్ లేకుండా విండోస్ ఎక్కిస్తే ఆ సంగతి పైకి కనపడదు, అందుకే అమ్మినప్పుడు అంతా బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు హాస్టల్ వైఫై తగిలించి కొత్తగా విండోస్ వేసుకునేసరికి ఏదో కంపెనీ పేరు, ‘మీ ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి’ అనే తెర ప్రత్యక్షం. ఆ నమోదును తీయించగలిగేది పాత యజమాని కంపెనీ మాత్రమే. లినక్స్‌కు ఈ తాళంతో పని లేదు, మామూలుగానే నడుస్తుంది. విచిత్రంగా ఇక్కడ ఇబ్బంది పడేది విండోస్ పక్షమే.

మూడోది బిట్‌లాకర్. డిస్కు మొత్తాన్ని సంకేత రూపంలో దాచే ఈ ఏర్పాటు, సెక్యూర్ బూట్ అమరికో బూట్ క్రమమో మారిందని పసిగడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో ఈ సంకేతీకరణ దానంతటదే మొదలవుతుంది. కీ ఆ ఖాతాలో ఉంటుంది. అది షాపువాళ్లు సెటప్ కోసం వాడిన ఖాతా అయితే కీ కూడా వాళ్ల దగ్గరే. లినక్స్ జోలికి వెళ్లకముందే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూసి, ఉంటే ఆపేయాలి, లేదా కీని కాగితం మీద రాసుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా చాలు. ఆ కీ పోతే ఫైళ్లు పోయినట్టే, ఏ రికవరీ షాపూ తిరిగి తేలేదు.

ఎక్కడ ఆగిందో చూడటం

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా నాలుగు అంచెలుంటాయి. ముందు ఫర్మ్‌వేర్ మేలుకుంటుంది. అది బూట్‌లోడర్‌ను వెతుకుతుంది: విండోస్‌కు బూట్ మేనేజర్, లినక్స్‌కు ఎక్కువగా గ్రబ్. బూట్‌లోడర్ కెర్నెల్‌ను తెస్తుంది. కెర్నెల్ డిస్కు పార్టిషన్‌లను తెరిచి మిగతా పని చేస్తుంది. కంపెనీ లోగో దగ్గరే ఆగిందా, నల్లతెర మీద గ్రబ్ అని వచ్చిందా, లినక్స్ లోగో వచ్చాక ఆగిందా అన్నది చెప్పగలిగితే సగం రోగనిర్ధారణ అయినట్టే. ‘అన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే మాట దిల్‌సుఖ్‌నగర్ సర్వీసు షాపుల్లో తేలిగ్గా వినపడుతుంది. చాలాసార్లు దాని అవసరం ఉండదు, పైగా ప్రాజెక్టు ఫైళ్లు పోతాయి. ఏం చేసినా ముందు లైవ్ యూఎస్‌బీతో, అంటే పెన్‌డ్రైవ్ మీది నుంచే నడిచే లినక్స్‌తో, కావలసిన ఫైళ్లను బయటి డిస్కులోకి తీసుకోవాలి. బూట్ మెనూ కోసం డెల్, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

రెండు పద్ధతుల కలగాపులగం

2012లో విండోస్ 8తో యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ ల్యాప్‌టాప్‌లలో మామూలయ్యాయి. అంతకుముందుది బయోస్ పద్ధతి. బయోస్ వాడే ఎంబీఆర్ అనే బూట్ రికార్డు, డిస్కు మొదటి 512 బైట్ల సెక్టార్‌లో ఉంటుంది. అందులో పార్టిషన్ పట్టికకు 64 బైట్లే చోటు, అందుకే ప్రైమరీ పార్టిషన్‌లు నాలుగుకు మించవు. యూఈఎఫ్‌ఐ వాడే జీపీటీ అనే పార్టిషన్ పట్టికలో ఆ ఇబ్బంది లేదు. ఈఎఫ్‌ఐ పార్టిషన్ అనే చిన్న భాగంలో, ఎఫ్‌ఏటీ32 రూపంలో, విండోస్‌కొక ఫోల్డరూ లినక్స్‌కొక ఫోల్డరూ పక్కపక్కనే ఉంటాయి.

ఈ మార్పు నడిమి కాలపు యంత్రాలు రెండు పద్ధతుల్లోనూ నడుస్తాయి. తంటా అక్కడే. షాపులో పాత పెన్‌డ్రైవ్‌తో విండోస్‌ను బయోస్ పద్ధతిలో ఎక్కించి ఇస్తారు. కొన్న కుర్రాడు ఉబుంటును యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఎక్కిస్తాడు. రెండూ విడివిడిగా బాగానే ఉంటాయి, కానీ గ్రబ్ మెనూలో విండోస్‌ను ఎంచుకుంటే తెరుచుకోదు, ఎందుకంటే ఒక పద్ధతిలో మేలుకున్న గ్రబ్ రెండో పద్ధతి విండోస్‌ను నడపలేదు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ‘బయోస్ మోడ్’ అన్న వరుసలో లెగసీ అనో యూఈఎఫ్‌ఐ అనో ఉంటుంది. మొదట చూడవలసిన వరుస అదే. లెగసీ అని ఉంటే 2017 నుంచి విండోస్ 10తో వస్తున్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో, ఫైళ్లు పోకుండానే డిస్కును జీపీటీకి మార్చవచ్చు. మార్చాక ఫర్మ్‌వేర్‌లోనూ యూఈఎఫ్‌ఐకి మార్చాలి.

2010 ప్రాంతపు హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో ఇంకో ముచ్చట. సిస్టమ్, సీ డ్రైవ్, రికవరీ, హెచ్‌పీ టూల్స్ అని నాలుగు ప్రైమరీలూ కంపెనీయే నింపేసి పంపింది. లినక్స్ కోసం సీ డ్రైవ్‌ను కుదించి ఖాళీ చేసినా, ఇన్‌స్టాలర్ ఆ ఖాళీని ‘వాడటానికి వీల్లేదు’ అంటుంది. అప్పుడు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కొత్త పార్టిషన్ చేయబోతే, డిస్కును డైనమిక్‌గా మారుస్తానని ఒక హెచ్చరిక పెడుతుంది. చదవకుండా ‘ఎస్’ నొక్కితే ఆ డిస్కులో లినక్స్ ఎక్కించడం ఇంకా కష్టం. ఆ పెట్టెకు ‘నో’ అనాలి. హెచ్‌పీ టూల్స్ భాగాన్ని బ్యాకప్ తీసి తొలగించి, ఆ చోట ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పెట్టుకోవాలి.

నల్లతెర మీద గ్రబ్ రెస్క్యూ

సెమిస్టర్ అయిపోతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. ల్యాబ్ అయిపోయింది కదా అని విండోస్‌లోంచి లినక్స్ పార్టిషన్‌ను డిలీట్ చేస్తారు. మర్నాడు ఆన్ చేస్తే విండోస్ రాదు, ‘నో సచ్ పార్టిషన్’ అని ఒక వరుస, కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని మిణుకుమనే కర్సర్. జరిగిందేమిటంటే, గ్రబ్ మొదటి ముక్క ఇంకా ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనో ఎంబీఆర్‌లోనో ఉంది. దానికి కావలసిన మెనూ, మిగతా ఫైళ్లు డిలీట్ చేసిన పార్టిషన్‌లో ఉండేవి. విండోస్‌కు ఏమీ కాలేదు, దాని దాకా వెళ్లే దారే తెగింది.

యూఈఎఫ్‌ఐ యంత్రంలో మందు చిన్నదే. బూట్ మెనూ తెరిచి విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే విండోస్ వచ్చేస్తుంది. తర్వాత ఫర్మ్‌వేర్‌లో దాన్ని పైకి జరిపి, పాత లినక్స్ నమోదును తీసేస్తే సరి. బయోస్ పద్ధతి యంత్రమైతే విండోస్ పెన్‌డ్రైవ్‌తో రిపేర్‌లోకి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ సాధనంతో ఎంబీఆర్‌ను తిరిగి రాయించాలి. లినక్స్ ఉండాలనుకుంటే, ఉండీ గ్రబ్ మాత్రమే చెడితే, లైవ్ యూఎస్‌బీలోంచి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించవచ్చు. ఆ వరుస కమాండ్లు గుర్తుండనివాళ్లు బూట్-రిపేర్ అనే ఉచిత సాధనం వాడతారు.

దీనికి తిరగేసిన కేసు: లినక్స్ వేశాక నేరుగా అదే తెరుచుకుంటుంది, మెనూలో విండోస్ పేరే ఉండదు. విండోస్ పోయిందని గుండె గుభేలుమంటుంది. పోలేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ భాగాన్ని భద్రత కారణంగా ఆపేసి ఉంచుతున్నారు. గ్రబ్ అమరికల ఫైల్‌లో దాన్ని తిరిగి అనుమతించి, అప్‌డేట్-గ్రబ్ నడిపితే విండోస్ పేరు మెనూలోకి వస్తుంది. కొన్ని హెచ్‌పీ యంత్రాలు బూట్ క్రమాన్ని పట్టించుకోకుండా ప్రతిసారీ విండోస్‌నే తెస్తాయి. ఏసర్ ఆస్పైర్‌లు చాలావరకు, ముందు ఒక సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, లినక్స్ బూట్ ఫైల్‌ను నమ్మదగినదిగా ఎంపిక చేస్తేనే దారి ఇస్తాయి. పని అయ్యాక ఆ పాస్‌వర్డ్ తీసేయాలి, లేకపోతే తర్వాత కొనేవాడికి ఇందాకటి కథే.

డిస్కు కనపడదు, డిస్కు తెరుచుకోదు

డెల్ లాటిట్యూడ్‌లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి ‘రెయిడ్ ఆన్’ అనే డిస్కు అమరికతో వస్తాయి. లినక్స్ ఇన్‌స్టాలర్‌కు అందులో ఎస్‌ఎస్‌డీ కనపడకపోవచ్చు. ఆ అమరికను ఫర్మ్‌వేర్‌లో ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ నీలితెరతో పడిపోతుంది. ముందు విండోస్‌లో సేఫ్ మోడ్ పెట్టి, రీస్టార్ట్‌లో ఫర్మ్‌వేర్‌కు వెళ్లి ఏహెచ్‌సీఐ చేసి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకోనిచ్చి, ఆ తర్వాత మామూలు మోడ్‌కు తిరిగి రావాలి. అప్పుడు విండోస్ సరైన డ్రైవర్‌ను తనే పట్టుకుంటుంది. బిట్‌లాకర్ ఉంటే దీనికి ముందే కీ చేతిలో ఉండాలి.

లినక్స్‌లో డీ డ్రైవ్ తెరిస్తే చదవడానికే గాని రాయడానికి వీలు కాకపోవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఫిర్యాదు. కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే నిజంగా షట్‌డౌన్ కాదు, కెర్నెల్ స్థితిని డిస్కులో దాచి నిద్రపోవడం. అలా సగం తెరిచి ఉంచిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో రాస్తే ఫైళ్లు చెడతాయని లినక్స్ వెనకాడుతుంది. అది చేసేది న్యాయమే, బలవంతంగా తెరిపించే చిట్కాలు వద్దు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయాలి. అప్పటికప్పుడు కావాలంటే విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి, మెనూలో లినక్స్ ఎంచుకున్నా పనవుతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఆ టిక్కు మళ్లీ వచ్చిందేమో చూసుకోవాలి.

కొన్నిసార్లు తప్పు ఏ అమరికదీ కాదు, డిస్కుదే. లినక్స్ మధ్యలో ఆగి ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అనే ప్రాంప్ట్‌లో పడటం, ఎఫ్‌ఎస్‌సీకే అనే డిస్కు తనిఖీ సాధనంతో సరిచేసినా వారంలో మళ్లీ అదే రావడం దాని లక్షణాలు. డిస్కు ఆరోగ్యం చెప్పే ‘స్మార్ట్’ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో విండోస్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎన్ని గంటలు నడిచిందో, చెడిన సెక్టార్లెన్నో అందులోనే ఉంటాయి. కొనేరోజే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లి చూడదగిన సాఫ్ట్‌వేర్ అది.

అప్‌డేట్ తెచ్చిన తంటా

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత ప్రపంచమంతటా చాలా డ్యూయల్ బూట్ యంత్రాల్లో లినక్స్ తెరుచుకోలేదు. తెర మీద వచ్చిన ‘సమ్‌థింగ్ హ్యాజ్ గాన్ సీరియస్‌లీ రాంగ్’ అన్న వాక్యం లినక్స్ వాడేవాళ్లలో సామెతలా మిగిలిపోయింది. గ్రబ్‌లోని పాత లోపాన్ని అడ్డుకోవడానికి, పాతబడిన బూట్‌లోడర్‌లను నిరాకరించే ఎస్‌బ్యాట్ అనే జాబితాను మైక్రోసాఫ్ట్ పంపింది. డ్యూయల్ బూట్ యంత్రాలకు అది వెళ్లదని చెప్పింది గాని, కొన్నిటిని గుర్తుపట్టలేకపోయింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ జాబితాను తొలగించి, లినక్స్‌ను అప్‌డేట్ చేసి, సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేయడమే విరుగుడు. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ తెలియని థింక్‌ప్యాడ్ కొన్నవాడికి ఈ విరుగుడులో మొదటి మెట్టే అందదు. ఇదే తరహా ఇంకో సంగతి: సెక్యూర్ బూట్‌కు ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. పాత యంత్రానికి కంపెనీ ఇచ్చిన చివరి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎక్కిందో లేదో, విండోస్ ఇంకా ఉండగానే చూసుకోవడం నయం.

గడియారం, వైఫై

హార్డ్‌వేర్ గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని రాస్తుంది, లినక్స్ గ్రీన్‌విచ్ సమయాన్ని. మనకు తేడా ఐదున్నర గంటలు కాబట్టి, పొద్దున పదింటికి లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే తెల్లవారుజాము నాలుగున్నర చూపుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో స్థానిక సమయం వాడమంటే ఇద్దరికీ రాజీ కుదురుతుంది. తేడా గంటల్లో కాక ఏళ్లలో ఉంటే మాత్రం బోర్డు మీది చిన్న బ్యాటరీ చచ్చిపోయిందని అర్థం. అప్పుడు వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు, లినక్స్ అప్‌డేట్లూ ఆగిపోతాయి. బ్యాటరీ మార్చడం చిన్న ఖర్చు.

బ్రాడ్‌కామ్ చిప్పు ఉన్న పాత డెల్, హెచ్‌పీలలో లినక్స్ వేయగానే వైఫై రాదు. ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి, ఆ ఇంటర్నెట్‌తో అదనపు డ్రైవర్లు తెచ్చుకోవాలి.

తెలుగు టైపింగ్

హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి చాలా కృషి చేసింది. స్వేచ్ఛ పేరుతోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నూ విడుదల చేసింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ సంస్థ పెట్టిన లినక్స్ వాడుకరుల బృందాల్లో ఇలాంటి రిపేర్లు ఒకరికొకరు చేసిపెట్టుకుంటారు. ఉబుంటులో ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్ తెలుగు ఏ చిక్కూ లేకుండా టైపు చేయవచ్చు.

డీటీపీ వాళ్ల సంగతి వేరు. శుభలేఖలు, కరపత్రాలు, గైడ్ల పని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో నడుస్తుంది. అవి యూనికోడ్ కావు, వాటి కీబోర్డు సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే పనిచేస్తుంది. అను ఫాంట్లతో చేసిన ఫైల్‌లోని మాటలను ఆ ఫాంట్ లేని లినక్స్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ అక్షరాలు వరసకడతాయి. ఫైల్ చెడిందని కంగారుపడి అక్కడే సరిదిద్ది సేవ్ చేస్తే అసలుదీ పోతుంది. అను పనుల ఫైళ్లను విండోస్ వైపు ఫోల్డర్‌లోనే ఉంచుకుని, లినక్స్‌లోకి కావలసినవాటిని ముందు యూనికోడ్‌కు మార్చి, పీడీఎఫ్‌గానో మామూలు టెక్స్ట్‌గానో పంపుకోవడం ఆ రంగంలో కుదురుకున్న పద్ధతి.